ఫిర్మాన్ మిషో ఖరీదు

ఫిర్మాన్ మిషోని నాలుగు జట్లు వదిలించుకున్నాయి. ఒక్క జట్టూ మార్చుకోలేదు. ఈ రెంటికీ తేడా ఏమిటని అడిగేవాళ్ళు బేస్‌బాల్ ఆడే ఊళ్ళో పుట్టలేదన్నమాట. వదిలించుకోవడమంటే, మనం చొక్కా విప్పి ఇచ్చేసి బస్సెక్కడం. మార్చుకోవడమంటే, ఎక్కడో ఇంకో ఊళ్ళో ఇంకో మేనేజరు మన పేరు తలుచుకుని, "వాడు నాకు కావాలి, బదులుగా ఇది తీసుకో" అని తన దగ్గరున్నది ఒకటి వదులుకోవడం. రెంట్లోనూ పెట్టె సర్దుకోక తప్పదు. కాకపోతే రెండోదాంట్లో మనిషికో ఖరీదు ఉంటుంది.

ఇదంతా మా పెటీకూద్‌లో, అల్ఫోన్సీనత్త ఇనప సామాన్ల కొట్లో పొయ్యి ఇంకా మండుతున్న రోజుల మాట. నదికి ఇవతల మేము అమెరికా, అవతల లాపోంత్ వాళ్ళు కెనడా. రెండు ఒడ్డుల్లోనూ ఒకే ఫ్రెంచి, ఒకే ప్లోయ్ అట్లు, ఈ ఒడ్డు వాళ్ళ మేనత్తలు ఆ ఒడ్డున. మధ్యలో ఒక వంతెన, దాని చివర కస్టమ్స్ గది. బంగాళదుంపలు తవ్వడం అయిపోయిన రోజు నుంచి నదిలో మంచు విరిగే రోజు దాకా జట్లు ఆటగాళ్ళని మార్చుకోవచ్చని మా లోయ లీగులో నియమం. అందుకని మావాళ్ళు ఆట వేసవిలో ఆడినా, అసలు బేస్‌బాల్ మాత్రం చలికాలంలోనే, ఆ పొయ్యి చుట్టూ జరిగేది. ఆ చలి సంగతి మీకు చెప్పినా నమ్మరు. పొయ్యిలో మంటే చేతులు బయటికి చాచి మా దగ్గర కాచుకునేది.

పొయ్యి చుట్టూ మేకుల పీపాల మీద మేము నలుగురం. అత్త అంటే కొట్టు యజమాని, జట్టు యజమాని, మేనేజరు, అన్నీ ఆవిడే. భర్త పోయాక కొట్టూ జట్టూ కలిపి ఆవిడ మెడకి చుట్టుకున్నాయి. కొట్టు లాభంలో నడిచేది, జట్టు ఆ లాభంతో నడిచేది. తెలెస్ఫోర్ తాత ఊళ్ళో అందరికీ క్షవరం చేసి, చెయ్యి వణకడం మొదలయ్యాక మానేసిన మంగలి. నేను జీల్‌ని. బడి మానేసి అత్త ట్రక్కు తోలుతూ ఉండేవాణ్ణి. చదువుకున్నవాళ్ళకి అబద్ధాలు పుస్తకాల్లో దొరుకుతాయి, నావి నేనే సొంతంగా తయారుచేసుకోవాలి, కాబట్టి ఖాళీగా ఉన్నానని ఎవరూ అనుకోకండి. నాలుగోవాడు ఫిర్మానన్న.

ఫిర్మానన్న మా క్యాచర్. బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని, ముఖానికి ఇనప జాలీ కట్టుకుని, పిచర్ విసిరిన ప్రతి బంతినీ పట్టడం అతని పని. ఇరవయ్యేళ్ళు అలా కూర్చున్నాడు. వేళ్ళన్నీ విరిగి, అతికి, మళ్ళీ విరిగి, అతని చెయ్యి పట్టుకుంటే అల్లం కొమ్ము పట్టుకున్నట్టుండేది. ఒకసారి బంతికి అడ్డమొచ్చిన పిచ్చుకని బంతితో సహా పట్టాడు. పిచ్చుకని పైకి ఎగరేసి, బంతిని పిచర్‌కి విసిరాడు. పిచ్చుక ఒక చుట్టు తిరిగి వచ్చి అతని భుజం మీద వాలింది. ఇది నేను కళ్ళారా చూశాను. చూడలేదనేవాళ్ళు ఆ రోజు ఆటకి రాలేదు.

పద్దెనిమిదో ఏట ఫిర్మానన్న దక్షిణాదికి పోయి చిన్న చిన్న జీతపు లీగుల్లో ఆడాడు. మొదటి జట్టు వాళ్ళు అతన్ని వదిలించుకున్నప్పుడు మేనేజరు భుజం మీద చెయ్యేసి చెప్పాడు. రెండో జట్టులో వంటవాడు చెప్పాడు. మూడో చోట ఎవరూ చెప్పలేదు. పొద్దున్న వెళ్ళేసరికి అతని చొక్కా వేసుకుని ఇంకొకడు బూట్లు కట్టుకుంటున్నాడు. ఫిర్మానన్న వాడికి, "ఎడమ మోకాలు పట్టేస్తుంది, జాగ్రత్త" అని చెప్పి వచ్చేశాడట, చొక్కాతో పాటు మోకాలి నొప్పి కూడా వాడికే పోయినట్టు. నాలుగో చోట జట్టే మూతబడింది. "దాన్నీ లెక్కెయ్యాలా?" అని నేనడిగితే, "మూతబడేముందు మిగిలినవాళ్ళని అమ్ముకున్నార్రా. నన్ను కొనేవాడు లేడు" అన్నాడు. ఆ తర్వాత ఊరికొచ్చి, చలికాలం గోదాములో దుంపలు ఏరుతూ, వేసవిలో మాకు ఆడుతూ ఉండిపోయాడు. పెళ్ళి చేసుకోలేదు. ఆ ప్రసక్తి తెస్తే, "అక్కడ కూడా వదిలించుకుంటే ఎక్కడికి పోను?" అని నవ్వేసేవాడు.

ఆ చలికాలం ఒక మధ్యాహ్నం రేడియోలో, పెద్ద లీగు జట్టొకటి తమ క్యాచర్ని ఎక్కడో పడమటికి ఇచ్చేసిందని చెప్పారు. కుర్రాడు ఊరు వదల్లేక ఏడ్చాడట.

"పాపం!" అంది అత్త.

"పాపమేంటత్తా?" అన్నాడు ఫిర్మానన్న, పొయ్యి వైపే చూస్తూ. "వాడికోసం ఇద్దరు పిచర్లని ఇచ్చారు. ఇద్దర్ని! అవతలివాడు వాడికోసం జేబు తడుముకున్నాడు. నాకోసం ఇంతవరకు ఎవడూ ఒక పాత బంతి కూడా ఇవ్వలేదు."

తెలెస్ఫోర్ తాత పొయ్యి తలుపు తీసి, అక్కర్లేకపోయినా ఇంకో కట్టె పడేశాడు.

ఫిర్మానన్న గోదాముకి వెళ్ళిపోయాక అత్త అసలు సంగతి బయటపెట్టింది. లీగు లెక్క ప్రకారం జట్టుకి పదిహేను చొక్కాలే. చర్చి ఫాదర్ గారి మేనల్లుడొకడు కొత్తగా దిగాడు. క్యాచరే. కుందేలులా ఎగిరే కుర్ర మోకాళ్ళు. వాణ్ణి తీసుకుంటే ఒక చొక్కా ఖాళీ చెయ్యాలి.

"ఎవరి చొక్కానో నీకూ తెలుసు, నాకూ తెలుసు" అంది. "ఆ మోకాళ్ళతో ఇంకో వేసవి లాగలేడు. ఐదోసారి వాడికా మాట నా నోటితో చెప్పమంటావా? కిందటి వారమే మా పైకప్పు మీద మంచు తోసి వెళ్ళాడు, అడక్కుండానే."

నాకు వెంటనే మెరుపులాంటి ఆలోచన వచ్చింది. నాకు వచ్చేవన్నీ మెరుపులాంటివే, కొన్ని పిడుగులయ్యాయంతే. "అత్తా, వదిలించుకోవద్దు. మార్చెయ్. లాపోంత్ రోసేర్‌కి ఇచ్చి, బదులుగా ఏదైనా తీసుకో. ఒక సంచీడు పాత బంతులైనా చాలు. జీవితంలో ఒక్కసారి మార్పిడి అయ్యాడనిపించుకుంటాడు."

"రోసేర్ ఎందుకిస్తాడ్రా సన్నాసీ?"

"బంతులు మనమే పంపుదాం. అవి మళ్ళీ మనకే ఇస్తాడు."

లాపోంత్ మేనేజరు రోసేర్ లాంద్రీ వృత్తిరీత్యా శవపేటికలు తయారుచేసి అంత్యక్రియలు జరిపించే మనిషి. ఆటగాడికి ఎక్కువ ఇవ్వమంటే ఎన్నడూ ఇవ్వడు. తొందరపడడు. చివరికి అందరూ తన దగ్గరికే రావాలని ఆయనకి తెలుసు. చిన్నాపెద్దా అందర్నీ "గారూ" అంటాడు, బతికుండగానే అలవాటు చేస్తున్నట్టు.

అత్త గోడకున్న ఫోనందుకుంది. నేనూ తాతా చెవులు దగ్గర పెట్టాం.

"రోసేర్, నీకు క్యాచర్ కావాలా? మా ఫిర్మాన్‌ని ఇస్తాను. ఒక సంచీడు పాత బంతులివ్వు చాలు."

అవతల ఆయన మెత్తటి గొంతు: "అల్ఫోన్సీన్ గారూ, తమకి ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేం, రాయిలా ఉన్నాను."

"ఫిర్మాన్‌కి బంతులా? అలా అడగడం మనకి పరువేనా చెప్పండి."

అయిపోయింది, కుదరదనుకున్నాం. తాత పీపా మీద కూలబడ్డాడు. ఇంతలో రోసేర్ మళ్ళీ అందుకున్నాడు.

"నా దగ్గర ముగ్గురు కుర్ర పిచర్లున్నారు. బలమైతే ఎద్దులంత ఉంది, బంతి ఎక్కడికి పోతుందో వాళ్ళకీ తెలీదు, దేవుడికీ తెలీదు. కిందటేడు ఒకడు పాప్‌కార్న్ అమ్మేవాణ్ణి కొట్టాడు. వాళ్ళ ఎదురుగా కూర్చుని, ఎప్పుడు తిట్టాలో, ఎప్పుడు లేచి వెళ్ళి భుజం తట్టాలో తెలిసినవాడు కావాలి. మీ మీద ఆడిన ప్రతి ఆటలోనూ నేను చూసింది ఫిర్మాన్‌నే. మోకాళ్ళు పోయాయని తెలుసు. నాకు మోకాళ్ళతో పని లేదు. తమరు ఇవ్వరనుకుని ఎన్నడూ అడగలేదు. ఎడంచేతి ఆర్మాన్‌ని ఇస్తాను."

ఎడంచేతి ఆర్మానంటే లాపోంత్ వాళ్ళ మంచి పిచరే. అత్త ఫోనుని చేత్తో మూసి మా వైపు చూసింది. ఆ ముఖం నాకిప్పటికీ గుర్తే. అంగట్లో పాత దుప్పటి అమ్మబోతే, కొనేవాడు వెండి పళ్ళెం ఇస్తానన్నప్పుడు పెట్టే ముఖం.

"ఆ పిసినారి శవాలాయన ఆర్మాన్‌ని ఇస్తానంటున్నాడంటే, వీడిలో మనకి కనపడనిదేదో ఉంది. నేనివ్వను" అంది.

"అత్తా! వదిలించుకుంటానన్నది నువ్వే కదా!"

"అప్పుడు ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు. ఫాదర్ గారి మేనల్లుడు ఇంకో ఏడాది ఆగుతాడు."

నేను నోరు తెరవబోయేంతలో తలుపు గంట మోగింది. మంచు దులుపుకుంటూ ఫిర్మానన్న లోపలికొచ్చాడు, తను మర్చిపోయిన ఉన్ని తొడుగుల కోసం. మా ముగ్గురి ముఖాలు చూశాడు, ఫోను చూశాడు.

"ఎవరైనా పోయారా?" అన్నాడు.

"రోసేరే, కానీ చావు ఫోను కాదు" అన్నాడు తాత.

అత్త అబద్ధం చెప్పలేని మనిషి. కొట్లో తూకానికి కూడా అదే మాట వర్తించేది. గొంతు సవరించుకుని మొత్తం చెప్పేసింది. చొక్కా సంగతి, ఫాదర్ గారి మేనల్లుడు, నా మెరుపులాంటి ఆలోచన, పాత బంతులు, అన్నీ. "మేమే ముందు ఫోన్ చేశాం నాయనా. మేమడిగింది బంతులు. వాడిస్తానన్నది ఆర్మాన్‌ని. కానీ నీకిష్టం లేకపోతే ఇక్కడే ఉండు. నీ చొక్కా నీదే. నేనింకెవర్నైనా చూసుకుంటాను."

ఫిర్మానన్న పీపా మీద కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టాడు. ఊళ్ళోనే ఉండిపోవచ్చు, తన పొయ్యి, తన పీపా, తనని పేరుతో పిలిచే జనం. లేకపోతే అవతలి ఒడ్డుకి పోయి, మొన్నటిదాకా తనని వెక్కిరించిన వాళ్ళ చొక్కా వేసుకోవాలి. ఫోనులోంచి రోసేర్ "హలో, హలో, అల్ఫోన్సీన్ గారూ" అంటూనే ఉన్నాడు.

"ఆర్మానా?" అన్నాడు ఫిర్మానన్న చివరికి. "ఎడంచేతి ఆర్మానేనా? వాడి తమ్ముడు కాదుగా?"

"వాడే."

అతని చెవులు ఎర్రబడ్డాయి. చలికి కాదు. "ఇంకా అడుగు" అన్నాడు.

"ఏంటి?"

"ఇంకా అడగత్తా! మొదటి మాటకే ఒప్పుకుంటే నన్ను చవగ్గా కొట్టేశామనుకుంటారు. వాళ్ళ మైదానంలో ఇనప రోలరుంది. మనకి లేదు. మన నేలంతా గుంటలు. అదడుగు."

అత్త ఫోను చెవికి పెట్టింది. ఇక చూడండి. ఇటు అత్త అడగడం, అటు రోసేర్ నిట్టూర్చడం, మధ్యలో ఫిర్మానన్న పక్కన నిలబడి అందించడం. "నాకు బ్యాటర్ల బలహీనతలన్నీ తెలుసని చెప్పు. వానలో కూడా ఆడతానని చెప్పు. పోయినేడు రెండో బేస్‌కి దొంగపరుగు తీసిన వాళ్ళవాళ్ళని ముగ్గుర్ని బంతి విసిరి అవుట్ చేశానని చెప్పు. నలుగురని చెప్పు!"

"నలుగురు!" అని అత్త తన మొదటి అబద్ధం అరిచింది.

"ముగ్గురే, నేను చూశాను" అన్నాడు రోసేర్. "సరేలెండి, రోలరు కూడా తీసుకోండి. కానీ రవాణా తమదే."

ఫోను పెట్టేశాక అత్త లోపలికెళ్ళి ప్లోయ్ అట్లూ మేపుల్ పాకమూ తెచ్చింది, కళ్ళు తుడుచుకుని, పొగకే అంది. ఆ పూట ఫిర్మానన్న తిన్నన్ని అట్లు మనిషన్నవాడు తినలేడు. ఒకదాని మీద ఒకటి పేర్చితే చంద్రుడి దాకా నిచ్చెనయ్యేది.

ఆ కొట్టిప్పుడు లేదు. లీగూ లేదు. ఇప్పుడు మార్పిళ్ళన్నీ తెర మీద అంకెల్లో జరిగిపోతున్నాయి, ఎవరి చెవులూ ఎర్రబడ్డం నేను చూళ్ళేదు. తాత పోయినప్పుడు అంత్యక్రియలు రోసేరే జరిపించాడు, చాలా మర్యాదగా. ఆర్మానొచ్చాక మా పాత పిచరొకడు తనంతట తనే మానుకుంటే, ఆ చొక్కా ఫాదర్ గారి మేనల్లుడికి దక్కింది. ఫిర్మానన్న లాపోంత్‌లో మూడు వేసవులు ఆడి, ఆ ఎద్దుల్ని పిచర్లని చేసి, మమ్మల్ని చితక్కొట్టించాడు. అక్కడే ఒక రొట్టెల కొట్టావిడని పెళ్ళి చేసుకున్నాడు కూడా.

కానీ నాకు అన్నిటికంటే ఇష్టంగా గుర్తున్నది నదిలో మంచు విరిగిన వారం. అత్త ట్రక్కులో నేనే అతన్ని వంతెన దాటించాను. కొత్తగా గడ్డం గీసుకుని, పెళ్ళికెళ్ళే కోటు వేసుకుని కూర్చున్నాడు. కస్టమ్స్ గదిలో ఉన్న ఆఫీసరు మాకు చిన్నప్పట్నుంచీ తెలిసినవాడే.

"సరుకేమైనా ఉందా ఫిర్మాన్?"

"నేనే సరుకు. మార్పిడి అయ్యాను."

"నిజంగానా! విలువెంత రాసుకోమంటావ్?"

ఫిర్మానన్న కిటికీలోంచి తల బయటికి పెట్టాడు, వెనక వరసలో ఉన్న బళ్ళవాళ్ళకి కూడా వినపడేలా. "ఒక ఎడంచేతి పిచరు. ఒక ఇనప రోలరు."

"రోలరు కొత్తదా?"

"పాతదే. కానీ బాగా దొర్లుతుంది."

ఆఫీసరు టోపీ తీసి, పొమ్మన్నట్టు చెయ్యూపాడు. లాపోంత్ మైదానం గేటు దగ్గర రోసేర్ నల్లకోటులో నిలబడి ఉన్నాడు. ఫిర్మానన్న దిగి, నాకేసి చూడకుండా నా భుజం ఒకటి చరిచి, లోపలికెళ్ళిపోయాడు. తిరుగు ప్రయాణంలో వెనక రోలరు దడదడలాడుతోంది, పక్కన ఎడంచేతి ఆర్మాన్ మూతి ముడుచుకుని కూర్చున్నాడు. వంతెన మధ్యకొచ్చాక ఇక ఆపుకోలేకపోయాడు.

"ఆ ముసలాడికోసం నన్నిచ్చారా? పైగా రోలరు కూడా కలిపి?"

"ఏం చేస్తాం తమ్ముడూ" అన్నాను. "నీ ఒక్కడితో సరిపోలేదు."