బావగారు మార్చిన ఆయిల్, సుపేలాలో జారిన నా క్లచ్

అమర్‌కంటక్‌లో నర్మద పుట్టే చోటు చూడాలని మూడేళ్లుగా అనుకుంటున్నాను. ఒక్కదాన్నే బైకు మీద వెళ్తానంటే అమ్మ ఒప్పుకోవడానికి ఆ మూడేళ్లూ పట్టింది. అదీ షరతు మీద: దారిలో ఎక్కడైనా బండి నా వల్ల ఆగిందంటే, ఇక ఒంటరి ప్రయాణం మాట ఎత్తకూడదు. అమ్మ మాట పక్కన పెట్టి పోవచ్చు కదా అంటారేమో, మా అమ్మ మీకు తెలియదు. విశాఖ నుంచి రెండు రోజులు నడిపి, భిలాయ్ స్మృతి నగర్‌లో అక్కావాళ్ళింటికి మధ్యాహ్నానికి చేరాను. అన్నం తిని మొద్దునిద్ర పోయాను. అప్పటివరకు బండికి ఏ లోటూ లేదు.

మర్నాడు ఉదయం ఆరింటికి బయల్దేరాను. కవర్ధా మీదుగా అమర్‌కంటక్ మూడు వందల కిలోమీటర్ల లోపే. సుపేలా ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్ గోల పెట్టింది గానీ వేగం పెరగలేదు. నాలుగో గేర్లో యాక్సిలరేటర్ తిప్పేకొద్దీ అరుపే తప్ప ఊపు లేదు. జనాన్ని కుక్కుకున్న ఆటో ఒకటి నన్ను దాటిపోయింది. క్లచ్ జారుతోందని అర్థమైంది. కేబుల్ బిగుసుకుందేమోనని లివర్ చూశాను. ఉండాల్సినంత వదులు ఉంది. ఒళ్ళు మండిపోయింది.

బావగారికి ఫోన్ చేయడం నా బుద్ధి తక్కువ. ఆయన స్టీల్ ప్లాంటులో మెయింటెనెన్స్ ఇంజినీరు. పది నిమిషాల్లో వచ్చి, బండి ముట్టుకోకుండానే తేల్చేశారు.

"క్లచ్ కాల్చీసేవమ్మా సుధా. ఆడాళ్ళు లివర్ సగం నొక్కే నడుపుతారు."

నేను నోరు తెరిచేలోపే అమ్మకి ఫోన్ కలిపేశారు. "అత్తయ్యా, సుధ క్లచ్ కాల్చీసింది. బండి పార్సెల్ చేయించి, పిల్లని రైలెక్కించీస్తాను."

మూడేళ్ల బతిమాలుడు అర నిమిషంలో గంగలో కలిసింది!

రైలు సంగతి తర్వాత, ముందు మెకానిక్‌కి చూపించాల్సిందేనని పట్టుబట్టాను. మార్కెట్ వెనక మెకానిక్ రమణ షెడ్డు ఎనిమిదింటికి తెరిచేదాకా ఆగి, బావగారితో కలిసి బండిని అక్కడికి చేర్చాను. రమణ వాళ్ళ నాన్నది శ్రీకాకుళం, ఇతను పుట్టింది ఇక్కడే.

"దీదీ, విశాఖ నుంచి ఇక్కడిదాకా ఏటీ అవ్వనేదా?"

"ఏమీ అవ్వలేదు."

అతను ఆయిల్ దింపి, కుడివైపు కవర్ విప్పి, క్లచ్ ప్లేట్లు ఒక్కొక్కటే చూశాడు. "ప్లేట్లు ఏక్‌దమ్ బాగున్నాయి. అరగనేదు, కాలనేదు. ఆయిల్ మాత్రం కొత్తది. ఎవరు మార్చేరు?"

"నేను మార్చలేదే!"

బావగారు గొంతు సవరించుకున్నారు. "నిన్న నువ్వు పడుకున్నప్పుడు నేనే మార్చేను. ఆగిన మెషీన్‌ని ఆయిల్ చూడకుండా మళ్ళీ స్టార్ట్ చెయ్యడం మా ప్లాంటులో అలవాటు లేదు. కారుకని దాచుకున్న మంచి సింథటిక్ నీకే పోసేను."

రమణ తల పట్టుకున్నాడు. "కారుదా సార్! బైకులో క్లచ్ ఆయిల్లోనే మునిగుంటాది కదా. కారు ఆయిల్‌కి జారుడెక్కువ. ప్లేట్లకి పట్టు ఎలా వస్తాది?"

ప్లేట్లు పెట్రోలుతో కడిగి, స్టీలు వాటిని గరుకు కాగితంతో రుద్ది, మిగతావి బైకు ఆయిల్లో నానబెట్టి, కొత్త గ్యాస్కెట్‌తో కవర్ బిగించడానికి మూడు గంటలు పట్టింది. అన్నీ కలిపి పదకొండు వందలు. ఫ్లైఓవర్ మీద నడిపి చూశాను, తిప్పినంత వేగం వచ్చింది. తిరిగొచ్చి బావగారి ముందు బండి ఆపాను.

"ఫోన్ చేయండి బావగారూ."

చేశారు, స్పీకర్ మీద. "అత్తయ్యా, పిల్ల తప్పేం లేదు. బండి పాడుచేసింది నేనే."

అమ్మ అంది: "అయితే నువ్వు దాని బండి ముట్టుకోకు నాయనా. దాన్ని పోనీ."

బయల్దేరేసరికి మధ్యాహ్నం దాటింది, చీకట్లో కొండదారి ఎక్కలేక ఆ రాత్రి కవర్ధాలోనే ఆగాల్సి వచ్చింది, ఒక రోజు పోయింది. ఆయన మీద కోపం ఇంకా తగ్గలేదు. ఆయిల్ పోసినందుకు కాదు, అది ప్రేమతోనే పోశారు. విప్పి చూడకముందే నేరం నా నెత్తిన వేశారే, అందుకు. రమణ ముందు అడిగాడు, తర్వాత విప్పాడు, ఆ పైనే మాట్లాడాడు. మీరు ఈ దారిన బైకు మీద వస్తుంటే ఒక్కటి గుర్తుంచుకోండి: బైకు క్లచ్‌కి సరిపడుతుందని తెలిపే జాసో ఎమ్‌ఏ గుర్తు డబ్బా మీద లేని ఆయిల్‌ను, పోసేది ఎంత దగ్గర చుట్టమైనా సరే, బండిలో పోయనివ్వకండి.