డిస్కు మీద బొట్టు

సైకిల్ షోరూమ్‌లోనే కొనాలని నేనెందుకు పట్టుబట్టానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. రంగు నచ్చిందని, ఆన్‌లైన్‌లో అందరూ బాగుందంటున్నారని ఇంట్లో చెప్పాను. అసలు కారణం వేరు. అక్కడైతే తొక్కి చూపించమని ఎవరూ పట్టుబట్టరు. నాకు సైకిల్ తొక్కడం రాదు.

వస్తుందని ఇంట్లో అందరి నమ్మకం. బడి రోజుల్లో నా స్నేహితురాలికి ఒక సైకిల్ ఉండేది. ఇద్దరం మాట్లాడుకుంటూ నడిచి వచ్చేవాళ్లం. సంచులు సీటు మీద పెట్టి, హ్యాండిల్ నేను పట్టుకునేదాన్ని. మా సందులో నన్ను రోజూ సైకిల్‌తో చూసినవాళ్లు నాకు తొక్కడం వచ్చనుకున్నారు. నేను అవుననలేదు, కాదనీ అనలేదు. నోరు మెదపకపోతే కొన్ని సంగతులు వాటంతట అవే స్థిరపడిపోతాయి.

మేముండేది నాచారంలో. ఆఫీసుకి ఉప్పల్ వెళ్లి మెట్రో ఎక్కాలి. పొద్దున షేర్ ఆటోతో ఇబ్బంది లేదు, ఉప్పల్‌లో అందరూ దిగుతారు. సాయంత్రమే కష్టం. మా సందు దగ్గరికి రాగానే "ఆపన్నా" అనాలి. అంటాను. పాటల మోతలో అది డ్రైవర్‌కి వినిపించదు. రెండోసారి అనడానికి నాకు గొంతు రాదు. వేరే ఎవరైనా దిగేదాకా కూర్చుని, వెనక్కి నడిచి వస్తాను. నా సంపాదనతో మొదట కొనే వస్తువు సైకిల్ కావాలని అలా నడిచే సాయంత్రాల్లోనే అనుకున్నాను. తొక్కడం ఎలాగో తరవాత చూసుకోవచ్చు. ఈత గురించి, పర్వతాలెక్కడం గురించి పుస్తకాల్లో చదివి సగం వచ్చేసినట్టే అనుకునే రకం నేను.

నాన్న మాత్రం నాచారం మార్కెట్ పక్కనున్న సైకిల్ దుకాణంలోనే కొందామన్నాడు. ఆ దుకాణమాయన నాన్నకి పాత దోస్తు. అక్కడ ఒక పద్ధతి ఉంది. ఎవరు కొన్నా సరే, ముందు సందు చివరిదాకా తొక్కుకుంటూ పోయి రావాలి. సీటు ఎత్తు సరిపోయిందో లేదో ఆయన అరుగు మీద నిలబడి చూస్తాడు. పక్కనే చాయ్ బండి. చాయ్ తాగేవాళ్లంతా తలా ఒక మాట అంటారు. "మోకాళ్లు గడ్డానికి తగుల్తున్నయ్, సీటు లేపు!" అని ఒకరు, "పిల్ల గాదు, సైకిలే భయపడుతున్నది" అని ఒకరు. నాన్న ఆ దుకాణం పేరెత్తినప్పుడల్లా నేను ఫోన్‌లో షోరూమ్ సైకిళ్ల రంగులు చూపించేదాన్ని.

అందుకే ఉప్పల్ షోరూమ్‌కి వెళ్లాం. అద్దాల తలుపు, చల్లటి గాలి, గోడకి వేలాడదీసిన సైకిళ్లు. నా వయసు అమ్మాయే వచ్చి, "టెస్ట్ రైడ్ చేస్తారా మేడం?" అంది. వద్దన్నాను. "ఓకే మేడం" అని నవ్వింది. అంతే. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

నాన్నకి మాత్రం ఏమీ హాయిగా లేదు.

"ధర జర సూసి జెప్పమ్మా."

"ఫిక్స్‌డ్ ఉంటది అంకుల్. యాప్‌ల ఎంతున్నదో గిక్కడ గంతే."

"మరి నువ్వెందుకమ్మా గీడ?"

"మీరడిగితె గీ మాట చెప్పనీకె అంకుల్."

నాన్న కూడా నవ్వక తప్పలేదు. "సరే, ధర ఇడ్సిపెట్టు. స్టాండేది దీనికి?"

"ఈ మోడల్‌కు స్టాండ్ రాదంకుల్."

"క్యారియర్?"

"అదీ రాదు."

"గంటన్న ఉన్నదా?"

గంట ఉంది. నాన్న రెండుసార్లు మోగించి, "గిదొక్కటన్న ఇచ్చిన్రు, సంతోషం" అన్నాడు. సైకిల్‌ని ఇంటికే తెచ్చి ఇస్తామన్నారు. ఉప్పల్ నుంచి ఇంటిదాకా తొక్కుకుంటూ పోవాల్సిన పని కూడా తప్పింది. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది.

శుక్రవారం సైకిల్ వచ్చింది. ఇంట్లోకి ఏ యంత్రం వచ్చినా అమ్మ పూజ చేయకుండా వాడనివ్వదు. మిక్సీకీ కుట్టుమిషన్‌కీ నాన్న ఫ్యాక్టరీకి పోయే బండికీ అందరికీ ఒకటే మర్యాద. స్టాండ్ లేదు కాబట్టి నాన్న సైకిల్‌ని పెళ్లికొడుకుని పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ హ్యాండిల్‌కి దండ వేసింది. బొట్టు ఎక్కడ పెట్టాలా అని చుట్టూ తిరిగి చూసింది. చక్రాల మధ్య డిస్కు బ్రేకు పళ్లేలు రెండూ తళతళా మెరుస్తున్నాయి. వాటికంటే మంచి చోటు ఆమెకి కనిపించలేదు. పొడి కుంకుమ ఇనుము మీద నిలవదని నూనెలో కలిపి, ముందు డిస్కుకీ వెనక డిస్కుకీ నిండుగా బొట్లు పెట్టింది. కొబ్బరికాయ కొట్టి, ముందు చక్రం కింద నిమ్మకాయలు పెట్టింది.

"ఎక్కు బిడ్డా, నిమ్మకాయల మీదికెల్లి పోనియ్యి" అంది.

ఈ సంగతి నేను ఆలోచించనే లేదు. పక్కింటివాళ్లు కూడా గేట్ల దగ్గర నిలబడ్డారు. ఎక్కాను. నాన్న చేయి వదిలాడు. మా సందు రోడ్డు వైపు కొంచెం పల్లం. నిమ్మకాయలు చితికిన చప్పుడు విన్నాను. ఆ తరవాత సైకిల్ తన దారిన తాను పోయింది. నేను కళ్లు మూసుకున్నాను. ఒక పక్కకి ఒరిగిపోతున్నానని తెలిశాకే బ్రేకులు నొక్కాను. అవి పట్టలేదు. కొత్తగా కడుతున్న ఇంటి ముందు ఇసుక కుప్పలో పడ్డాను.

మోచేయి గీసుకుపోయింది, అంతే. నాన్న పరుగెత్తుకొచ్చి సైకిల్ లేపి బ్రేకులు నొక్కి చూశాడు. "బ్రేకే పట్టుతలేదు! కొత్త బండికి బ్రేకు లేకపోవుడేంది?" అన్నాడు. సందులో అందరూ బ్రేకునే తిట్టారు. నేను ఇసుక దులుపుకుంటూ నిలబడ్డాను.

మరునాడు ట్రాలీ ఆటోలో వేసుకుని షోరూమ్‌కి పోయాం. దారి పొడవునా నాన్న వాళ్లని ఏమేం అడగాలో వల్లె వేసుకున్నాడు. అక్కడి మెకానిక్ సైకిల్‌ని తలకిందులు చేసి, డిస్కు మీద వేలు రాసి వాసన చూశాడు.

"పూజ జేసిన్రా అంకుల్?"

"చేసినం. అయితే?"

"నూనె బొట్టు డిస్కుకు పెట్టిన్రు. నూనె తగిల్తె బ్రేకు జారుతది. మీరొక్కలే గాదు, శుక్రారం పూజ జేస్తరు, శనారం మా తాన కొస్తరు. మా అమ్మ గూడ గట్లనే పెట్టింది నా సైకిల్‌కు."

అతను డిస్కులు స్పిరిట్‌తో తుడిచి, బ్రేకు ప్యాడ్లు మార్చి ఇచ్చాడు. నాన్న వల్లె వేసుకున్నదంతా వృథా అయింది. ఇంటికి రాగానే నవ్వుతూ, "నీ బొట్టే బిడ్డను పడగొట్టిందటనే!" అని అమ్మతో అన్నాడు.

అమ్మ నవ్వలేదు.

వచ్చి నా మోచేతికి పసుపు రాసింది. సైకిల్ పక్కనుంచి వెళ్లాల్సివస్తే కొంగు దగ్గరికి లాక్కుని దూరంగా వెళ్లేది. తరవాతి శుక్రవారం నాన్న బండి కడిగాక కుంకుమ భరిణె తెచ్చింది. గుమ్మంలో కాసేపు నిలబడి, బండికి బొట్టు పెట్టకుండానే లోపలికి తీసుకుపోయింది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ బండి బొట్టు లేకుండా ఫ్యాక్టరీకి పోవడం చూడలేదు. నేను నోరు మూసుకుని కూర్చుంటే ఈ సంగతి కూడా ఇలాగే స్థిరపడిపోతుందని అర్థమైంది.

వంటింట్లోకి పోయి నిలబడ్డాను. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"అమ్మా, బొట్టుతోని పడలే నేను."

"మరి?"

"నాకు సైకిల్ రాదు. బ్రేకు నొక్కకముందే పడిపోతుంటి. బ్రేకు మంచిగున్నా పడేదాన్నే."

అమ్మ చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని నన్ను చూసింది. "బడికి పోయేటప్పుడు తెస్తుంటివి గదనే సైకిల్?"

"నడిపిచ్చుకుంట తెస్తుంటి."

మొదట ముక్కులోంచి చిన్న చప్పుడు వచ్చింది. తరవాత పళ్లెం పక్కన పెట్టి, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "రానిదానివి ఎందుకు కొన్నవే?"

"ఒక్కదాన్నే నేర్సుకుందామని."

"సైకిల్ ఒక్కలు నేర్సుకునేదా? ఎనక ఒకలు ఉరుకాలె. మా ఊర్ల నా ఎనక మా అక్క ఉరికేది." నాకు తెలియని సంగతి. అమ్మ లేచి, తడిచేతులతోనే వాకిట్లోకి పోయి, ఇన్నాళ్లకి సైకిల్‌ని ముట్టుకుంది. దాని వెనక్కి పోయి చూసింది. సీటు, దాని కింద చక్రం, అంతే. "పట్టుకుందామంటె ఎనక ఏమున్నదే దీనికి?"

అలా నాచారం దుకాణానికి పోయాం. నాన్న దోస్తు అరుగు మీదే నిలబడి ఉన్నాడు.

"షోరూమ్‌ల కొంటివి గదనే. క్యారియర్ గూడ ఆడనే దిగుతదేమో ఆగకపోయినవా?" అన్నాడు నాన్నతో.

"అంటవులే అన్నా, గియ్యాల నీ వంతు" అన్నాడు నాన్న.

ఆయన ఇనుప క్యారియర్, స్టాండ్ బిగించాడు. డిస్కుల జోలికి మాత్రం పోలేదు. "గియ్యి నాకు తెల్వదు, ఆళ్ల తాననే సూపియ్యి" అన్నాడు. స్టాండ్ వేసి సైకిల్‌ని సందు మధ్యలో నిలబెట్టి, అందరితో అనే మాటే నాతోనూ అన్నాడు. "సందు కొస దాక తొక్కుకుంట పోయి రా బిడ్డా."

చాయ్ బండి దగ్గర గ్లాసులు ఆగాయి. ఇన్నాళ్లూ నేను తప్పించుకున్నది ఇదే.

"నాకింకా రాదు పెదనాన్నా. నేర్సుకోవాలె" అన్నాను. నాకే ఆశ్చర్యం వేసింది, గొంతు సందు దాటి వినిపించింది.

నాన్న నావైపు తిరిగాడు. ఎవరూ నవ్వలేదు. చాయ్ తాగేవాళ్లలో ఒకాయన, "సీటు జర దించు మరి, కాళ్లు భూమికి అందాలె" అన్నాడు. దుకాణమాయన పానా తీసి సీటు దించాడు. అంతే. అద్దాల తలుపు వెనక నాకు దొరికిన హాయి ఈ సందులో కూడా ఉందని నాకు ముందు తెలియదు.

ఆదివారం పొద్దున పారిశ్రామికవాడ రోడ్లు ఖాళీగా ఉంటాయి. ఫ్యాక్టరీల గేట్లన్నీ మూసి, కుక్కలు మాత్రమే నడిరోడ్డు మీద పడుకుని ఉంటాయి. నాన్న బండి మీద ముందు పోయి వాటిని అదిలించాడు. ఆయన బండికి మళ్లీ బొట్టు ఉంది. అమ్మ కొంగు నడుముకి చుట్టి, చెప్పులు విడిచి, రెండు చేతులతో క్యారియర్ పట్టుకుంది. నేను తొక్కడం మొదలుపెట్టాను. భయంతో వేళ్లు బ్రేకుల మీదే బిగుసుకుపోయాయి. చక్రాలు కదల్లేక కదులుతున్నాయి. వెనకనుంచి అమ్మ ఆయాసపడుతూనే అరిచింది:

"బ్రేకు ఇడ్సిపెట్టవే! ఈసారి బొట్టు హ్యాండిల్‌కే పెట్టిన!"