అవ్వకు రాని కామెర్లు

మొన్న సోమవారం మా ఆఫీసులో పనిచేసే జూనియరు అమ్మాయి ఒక కేసు కట్ట తెచ్చి నా బల్లమీద పెట్టి, "నెల దినాలుగా సరిగ్గా నిద్దర పట్టడం ల్యా సార్, మనసు నిలవడం ల్యా. ఈ అప్పీలు నేను రాస్తే తప్పులు పోతాయి, ఇంకొకరికి ఇయ్యండి" అని తడుముకోకుండా చెప్పింది. సరేనమ్మా అన్నాను గానీ, ఆ పిల్ల వెళ్లిపోయాక చాలాసేపు ఆ కట్ట విప్పలేకపోయాను. మా రోజుల్లో అనంతపురం కోర్టులో ఎవరి నోటినుంచైనా అలాంటి మాట వస్తే ఆ మనిషి పని అయిపోయిందనుకునేవాళ్లం. ఆ భయంతోనే నేను ఒక ముసలామె చేను పోగొట్టాను.

నేను వకాలతు నేర్చుకున్నది సివిలు దావాలకు జిల్లా అంతా పేరున్న ఒక పెద్దాయన దగ్గర. ఆయన వాదిస్తుంటే వేరే కోర్టుల్లో పని ఉన్నవాళ్లు సైతం వచ్చి వెనక బెంచీల్లో కూర్చునేవారు. భార్య చనిపోయిన ఏడాది ఆయనలో ఏదో ఆగిపోయింది. రోజూ నల్లకోటు వేసుకుని వచ్చేవారు, కట్ట ముందు పెట్టుకునేవారు, దారం ముడి మాత్రం విప్పేవారు కాదు. సీనియరు గారు ఆలోచనలో ఉన్నారని వచ్చినవాళ్లకు సర్దిచెప్పడం నా పనయింది. గురువుకు నేను చేయగల సేవ అదేననుకున్నాను.

అప్పుడే నల్లమాడ వైపునుంచి వచ్చే ఒక అవ్వ కేసు కింది కోర్టులో పోయింది. భర్త తర్వాత ఆమెకు మిగిలిన నాలుగెకరాల చెనక్కాయ చేను తమదేనని మరిది కొడుకులు వేసిన దావా అది. అప్పీలుకు గడువు నెల. తీర్పు నకలు వారానికే నా చేతికొస్తే సీనియరు గారి బల్లమీద పెట్టాను. అది రోజూ అక్కడే కనిపించేది. రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను గానీ, నేను రాయనా అని అడిగితే ఆయనకు చేతకావడం లేదని మొహానే చెప్పినట్టవుతుందని నోరు మెదపలేదు. గడువు దాటిపోయింది.

అవ్వ రెండు బస్సులు మారి మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ నకలు ఇంకా రాలేదనే చెప్పాను. "కాయితం రాకపోతే నువ్వు మాత్రం ఏం జేస్తావులే అప్పా" అని నన్నే ఓదార్చి వెళ్లేది. చివరికి ఆలస్యాన్ని మన్నించమని పిటిషను వేయవలసి వచ్చినప్పుడు, కామెర్లు వచ్చి అవ్వ రెండు నెలలు మంచం పట్టిందని రాసి, ఆమెకు చదివి వినిపించకుండానే వేలిముద్ర వేయించుకున్నాను. సీనియరు గారు కూడా చదవకుండానే సంతకం పెట్టారు.

బోనులో నిలబడ్డ అవ్వను అవతలి వకీలు, కామెర్లకు ఎక్కడ మందు తీసుకున్నావని అడిగితే ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "నాకు కామెర్లు యాడొచ్చినాయి సామీ? మూడు తూర్లు వస్తి గదా. కాయితం రాలేదని ఈయప్పే చెప్పినాడు" అని నావైపు చెయ్యి చూపించింది. జడ్జిగారు కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. కాగితాలు సర్దుకుంటున్నట్టు తల వంచుకున్నాను. పిటిషను కొట్టేశారు.

వరండాలోకి వచ్చాక అవ్వ, "నేనేమన్నా తప్పు చెప్పినానా అప్పా?" అని భయంభయంగా అడిగింది. అప్పుడైనా తప్పు నాదని చెప్పవలసింది. "అట్ల చెప్పకుండా ఉండాల్సింది అవ్వా" అన్నాను. తన నోటివల్లే భూమి పోయిందనుకుని ఆమె చెంపలు వేసుకుంది.

సంగతి తెలిసినా సీనియరు గారు నన్ను తిట్టలేదు. "నాకు చేతగావడం ల్యాదని నీకు తెలుసు గదప్పా, ఒక్క మాట చెప్పింటే కట్ట నీకే ఇచ్చింటి కదా" అన్నారు. ఆ తర్వాత ఆయన కోర్టుకు రాలేదు. రెండేళ్లకు ధైర్యం చేసి ఆ ఊరికి వెళితే, అవ్వ చిలమత్తూరులో కూతురి దగ్గర ఉంటోందన్నారు. అక్కడిదాకా నేను వెళ్లలేదు.

గడువులు ఇద్దరి డైరీల్లో ఉండాలనీ, క్లయింటుకు అబద్ధం చెప్పరాదనీ, తోటి వకీలు మౌనంగా ఉంటే పక్కన కూర్చుని అడగాలనీ తర్వాత ముప్పయ్యేళ్లు ఊరూరా తిరిగి సభల్లో కుర్ర లాయర్లకు చెప్పాను. ఇప్పుడు గడువులు ఫోనే గుర్తుచేస్తోంది, మనసు బాగాలేదంటే నవ్వేవాళ్లూ తగ్గారు. మా తరంలో ఎందరికి ఆ మాట గొంతులోనే ఉండిపోయిందో!

అవ్వ కథ కూడా ప్రతిచోటా చెప్పాను, ఎవరో ఒక జూనియరు చేసిన తప్పుగా. ఒకసారి హిందూపురంలో ఒక కుర్రవాడు లేచి, "ఆ జూనియరు ఏమైనాడు సార్?" అని అడిగాడు. హాలంతా నావైపే చూస్తోంది.

"ఆయప్ప అప్పుడే వకాలతు మానుకున్నాడప్పా" అన్నాను.

అదే న్యాయమన్నట్టు అందరూ తలలూపారు. నేను తర్వాతి విషయానికి వెళ్లాను.