మగ్గం గుంతలో ఫినాయిల్

శుభ్రం చేసే వస్తువు ఏదైనా సరే, దాని వాసనంటే నాకు పిచ్చి. పూల వాసన, అత్తరు వాసన నాకంతగా పట్టవు. కుంకుడుకాయలు నానేసిన గిన్నె, చింతపండుతో తోమిన ఇత్తడి చెంబు, కొత్తగా సున్నం కొట్టిన గోడ కనిపిస్తే ముక్కు ఆనించి నిలబడిపోయేదాన్ని. ఈ వయసులో కూడా కొత్త సబ్బు విప్పితే ముందు వాసన చూడందే వాడను. చూసినవాళ్లు నవ్వితే నవ్వనీ. ఆ పిచ్చి నా దగ్గర్నుంచి ఏం తీసుకుపోయిందో వాళ్లకు తెలియదు. నేను ఎవరికీ చెప్పుకోలేదు.

మాది గద్వాలలో చేనేత ఇల్లు. పట్టు ఉడకబెట్టే రోజంటే నాకు పండగే. ముడి పట్టుకు జిగురుంటుంది. అది వదలాలంటే పెద్ద గుండిగలో సబ్బు ముక్కలు, సోడా వేసి ఉడికించాలి. అమ్మ కర్రతో పట్టును తిప్పుతుంటే నేను ఆవిరిలోకి తల దూర్చేదాన్ని.

"ముక్కు ఉడుకుతదే, ఇవతలికి రా. నిన్ను సబ్బులమ్మెటోనికిచ్చి పెండ్లి జేస్త" అని అమ్మ కొంగుతో నా మొహం తుడిచేది. ఆ కొంగుకూ సబ్బు వాసనే.

నాకు తొమ్మిదో పదో ఏళ్లున్నప్పుడు, ఒక చలికాలం, చుట్టుపక్కల ఊళ్లలో ప్లేగు ఉందని చెప్పుకునేవాళ్లు. ఎలుకలు చచ్చి పడుతున్నాయంటే చాలు, జనం ఇళ్లకు తాళాలు పెట్టి చేలల్లో గుడిసెలు వేసుకునేవాళ్లు. మా ఊళ్లోకి అది ఇంకా రాలేదు. ఆ రోజుల్లోనే అమ్మకు జ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు వణికించే చలిజ్వరం. నాన్నతో పాటు నేనూ దవాఖానకు వెళ్లాను. డాక్టరు అమ్మను పరీక్షించి, ప్లేగు అయితే చంకల్లో, గజ్జల్లో లేచే గడ్డలేమీ లేవని చూసి, సీసాలో చేదు మందు పోయించాడు. తగ్గిపోతుందన్నాడు.

వాళ్లు లోపలుండగా నేను వరండాలో కూర్చున్నాను. అక్కడ ఊడ్చే ఆమె బకెట్ నీళ్లలో నల్లటి మందు కాస్త వేసింది. నీళ్లు పాలలాగా తెల్లబడ్డాయి. ఆ ఘాటు నేరుగా తలకెక్కింది. అంత శుభ్రమైన వాసన నేను అంతకుముందు ఎరగను. ఫినాయిల్ అని పేరు కూడా ఆమే చెప్పింది.

మందు అయిపోయాక మళ్లీ తెమ్మని నన్నే పంపారు. నేను రెండు సీసాలు పట్టుకెళ్లాను. ఒకదాంట్లో మందు పోయించుకుని, రెండోది ఊడ్చే ఆమె ముందు పెట్టి బతిమాలాను.

"ఏం జేస్తవ్ బిడ్డా దీన్ని?"

"మా ఇల్లు తుడుస్త."

నవ్వి, సగం సీసా పోసింది.

పొద్దున్నే, నేసేటప్పుడు నాన్న కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలో, దాని చుట్టూ నీళ్లు చల్లడం ఇంట్లో నా పని. మా చీరకు అంచూ కొంగూ పట్టు, మిగతాదంతా నూలు. చలికాలపు పొడిగాలికి గంజి పెట్టిన నూలు పోగులు పుటుక్కున తెగుతాయి. కింద తడి ఉంటే పోగు మెత్తగా సాగుతుంది. ఆ నీళ్లలో నేను రోజూ మూతెడు ఫినాయిల్ కలిపాను. ఇల్లు శుభ్రంగా ఉంటే అమ్మ తొందరగా లేస్తుందని అనుకున్న మాట నిజమే. కానీ వాసన మీద ఆశే ఎక్కువ. ఇన్నేళ్ల తర్వాత ఇక అబద్ధమెందుకు.

నాన్నకు నశ్యం అలవాటు, ఆయన ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. అమ్మ మాత్రం దవాఖాన వాసన తన ఒంటికే పట్టిందనుకుంది. నేను లోలోపల నవ్వుకున్నాను. గంజి నూలు పక్కనున్న వాసననల్లా పీల్చుకుంటుందని సాలెవాళ్ల పిల్లకు ఒకరు చెప్పాలా? నాకు తెలుసు. ఆ సంబరంలో ఆలోచన రాలేదు.

చీర మగ్గం దిగింది. బిజినేపల్లి నుంచి ఒక రైతు ఇంటామె, కూతురి పెండ్లికి చెప్పిన చీర అది, తీసుకుపోవడానికి వచ్చింది. మడత విప్పి, ఆడవాళ్లందరూ చేసినట్టే, కొత్త చీరను ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే దించేసింది.

"ఇదేందన్నా, ఫినాయిల్ వాసనొస్తుంది?"

"మా ఇంట్ల ఫినాయిల్ ఎందుకుంటదక్కా?" అన్నాడు నాన్న, నిజంగానే తెలియక.

లోపలి గదిలో అమ్మ మూలిగింది. వచ్చినామె అటు చూసి, చీరను కింద పెట్టి, మరో మాట లేకుండా వెళ్లిపోయింది. ఆ రోజుల్లో ఫినాయిల్ కొట్టేది దవాఖానలో, లేకపోతే ప్లేగు పడ్డ ఇంట్లో.

ఆ మాట పాకి, మధ్యాహ్నానికల్లా మా వీధి పెద్దలు గుమ్మం ముందుకొచ్చారు. ఇల్లు విడిచి ఊరవతల గుడిసెలో ఉండమన్నారు. మా ఇంట్లో ఒక్క ఎలుక కూడా పడలేదని నాన్న చెప్పాడు.

"పడ్డదాన్ని పారేసి ఫినాయిల్ గొట్టినవ్ తమ్మీ. మేం పిల్లలు గల్లోల్లం" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"డాక్టరును అడుగున్రి మామా, చలిజ్వరమని ఆయనే చెప్పిండు."

"డాక్టరు దౌరా మీద ఊర్లు తిరగ పోయిండంట. ఎప్పుడొస్తడో తెల్వదు. అప్పటిదాంక ఊరు ఆగుతదా?"

నేను పరుగెత్తుకెళ్లి సీసా తెచ్చాను. "నేనే పోసిన. నీళ్లల్ల కలిపి నేనే చల్లిన" అన్నాను. పెద్దాయన సీసా అందుకుని వాసన చూసి, పక్కవాళ్లకు చూపించాడు. దవాఖాన సీసా. దవాఖానవాళ్లే ఫినాయిల్ ఇచ్చారంటే ఇక అనుమానమేముందన్నాడు. నన్ను జాలిగా చూసి, "పిల్లకు మంచిగ నేర్పిన్రు" అన్నాడు. ఆ జాలి చూపు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సాయంత్రంలోగా ఊరవతల జొన్నచేలో గుడిసె పడింది. జొన్నసొప్పతో కట్టిన గోడల్లోంచి చలిగాలి సూటిగా వచ్చేది. మందు రెండు రోజుల్లో అయిపోయింది. నాన్న దవాఖానకు బయలుదేరితే ఊరి మొదట్లోనే ఆపి వెనక్కి పంపారు. అమ్మకు వణుకు రోజూ రావడం మొదలైంది. ఇంతమంది అంటున్నారంటే తనకు ప్లేగు ఉండే ఉంటుందని అమ్మ కూడా నమ్మింది. నన్ను గుడిసెలోకి రానివ్వలేదు. నాన్న నాకు బయట విడిగా చిన్న పందిరి వేశాడు.

ఒక పొద్దున నేను సొప్పగోడకు నోరు ఆనించి చెప్పాను. "అమ్మా, ఫినాయిల్ పోసింది నేనే. నాకు ఆ వాసన ఇష్టమని తెచ్చిన. నీకు ప్లేగు లేదు. ఒట్టు."

లోపల అమ్మ గోడవైపు తిరిగిన చప్పుడైంది.

"నా బిడ్డ ఎంత మంచిది. నాకు ధైర్యం జెప్తున్నవా తల్లీ" అంది. "ఆడనే ఉండు. దగ్గరికి రాకు."

ఆ తర్వాత మూడో రోజు అమ్మ పోయింది. నాన్న స్నానం చేయిస్తూ ఒళ్లంతా వెతికాడు. ఎక్కడా గడ్డ లేదు. నేను చెప్పిన నిజాన్ని నా మంచితనం అనుకుని వెళ్లిపోయింది మా అమ్మ.