నిలిచినామా, నిలిపినారా

హోసూరుకు వచ్చిన కొత్తలో నాకు అర్థం కాని మాట ‘నిలిచిపోయినాను’. మా కదిరి వైపు నిలవడమంటే కాళ్ల మీద నిలబడటమే. ఇక్కడ నిలిచిపోవడమంటే పని మానేయడం. తమిళం పక్కన ఉండి ఉండి ఇక్కడి తెలుగుకు వచ్చిన అర్థం అది. పెళ్లి కుదిరి నిలిచిపోయినవాళ్లు, కాన్పుకు నిలిచిపోయినవాళ్లు, సూపర్‌వైజరు మీద కోపంతో నిలిచిపోయినవాళ్లు, అందరికీ అదే మాట. ‘నిలిపినారు’ అంటే మాత్రం వేరు. టిఫిన్ డబ్బాలో రాగి తీగ దాచుకుని గేటు దగ్గర దొరికినవాళ్లను పనిలోంచి తీసేస్తే ‘నిలిపినారు’ అనేవాళ్లు. ఆ మాట ఒకసారి అంటుకుంటే మేమందరం ఉండే జూజువాడి వీధుల్లో అద్దెకు గది కూడా దొరకదు.

మా ఫ్యాక్టరీలో కార్లకు వేసే వైర్లు కట్టేవాళ్లం. ఒకనాడు మా లైను వియత్నాంకు పోతోందని చెప్పారు. బోర్డులూ మిషన్లూ మా చేతనే తుడిపించి, మా చేతనే చెక్కపెట్టెల్లో సర్దించారు. ఆఖరి రోజు అందరికీ తలా ఒక లడ్డూ పెట్టారు. ఆ లడ్డూ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

లైన్లో నా పక్కన నిలబడే అక్కది సామల్పట్టి అనే ఊరు. జూజువాడిలో మా పక్క గదిలోనే ఉండేది. ఆమె భర్త మేస్త్రీ పని చేసేవాడు. గుండెలో కవాటం పాడై మంచం పట్టాడు. ఆపరేషన్ కార్మికుల బీమా ఆసుపత్రిలో జరగాలి. కార్డు అక్క పేరు మీద ఉంది. పని పోయాక ఆ కార్డు నిలబడాలంటే ఒకటే దారి. ఫ్యాక్టరీ మూతపడో, పని లేదని తీసేస్తేనో పని పోగొట్టుకున్నవాళ్లకు కొన్నాళ్లు సర్కారు భత్యం ఇస్తుంది, ఇంట్లోవాళ్లకు వైద్యం కూడా చూస్తుంది. తనంతట తాను మానేసినవాళ్లకు ఏమీ లేదు.

ఇద్దరం కృష్ణగిరి ఆఫీసుకు పోయాం. కౌంటర్లో మనిషి కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా తమిళంలో అడిగాడు.

“నిన్నుట్టీంగళా, నిరుత్తిట్టాంగళా?”

మీరు నిలిచినారా, వాళ్లు నిలిపినారా అని. అక్క కొంగు సర్దుకుని, నడుం నిటారుగా పెట్టి, “నిన్నుట్టేన్ సార్” అంది. అతను ఏదో మీట నొక్కాడు. అయితే మీకేమీ రాదమ్మా అని తరువాతి మనిషిని పిలిచాడు.

బయటికి వచ్చాక నేను ఆగలేకపోయాను.

“ఏమక్కా ఇట్ల చేసినావు? నిలిపినారని చెప్పుంటే అయిపోయేది కదా!”

“నన్ను యాడ నిలిపినారమ్మా? ఒక్క తీగముక్క ఎత్తుకున్న మనిషిని కాదు నేను. లైను పోయింది, నేను నిలిచిపోయినాను. ఉన్నదే చెప్పినాను.”

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఆ కంప్యూటర్లో ఉన్నవి రెండే గళ్లు. లైను పోయింది అనే గడి లేదు. లైను పోవడమే నిలపడం అని ఆమెకు చెప్పినవాళ్లూ లేరు. నాకు ఆ ఆఫీసు మీద కోపం వచ్చింది, అక్క మీదా వచ్చింది.

“అన్నకు ఆపరేషన్ కావాలా, నీకు మర్యాద కావాలా?” అన్నాను. అక్క హోసూరు వచ్చేదాకా బస్సు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఇంట్లో భర్తకు మాత్రం, “మళ్లీ రమ్మన్నారు” అని చెప్పింది.

మళ్లీ పోయాం. తప్పు చెప్పాము, దిద్దండి అని నేనే బతిమాలాను. అతను విసుక్కున్నా కాదనలేదు. ఆమె నోటితోనే చెప్పాలన్నాడు. అక్క ఏదో గొణిగింది.

“గట్టిగా చెప్పమ్మా, వినబడలేదు.”

“నిరుత్తిట్టాంగ సార్,” అంది అక్క. ఆ హాల్లో అందరికీ వినబడింది. ఆ తరువాత తనకు తానే చెప్పుకుంటున్నట్టు తెలుగులో, “నన్ను నిలిపేసినారు” అంది.

మా వెనక ఒకాయన పక్కవాడిని మెల్లగా అడిగాడు. “ఏమి ఎత్తుకునిందంట?”

“నోరు మూసుకోప్పా!” అని తిరగబడ్డాను. ఆయన నవ్వేశాడు. అక్క వెనక్కి తిరగలేదు. కౌంటర్ అంచును రెండు చేతులతో పట్టుకుని, అతను సరే అనేదాకా అట్లాగే నిలబడింది. కార్డు నడుస్తుందని చెప్పాడు. నాకు సంతోషం కలగాల్సింది. కలగలేదు.

జూజువాడిలో బస్సు దిగి లారీల మధ్య నుంచి నడుస్తుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది.

“ఆయనకు చెప్పొద్దమ్మా. కార్డు ఉంటుందని మాత్రం చెప్పుదాము.”

గదిలో అన్న దిండుకు ఆనుకుని మా కోసమే చూస్తున్నాడు. కార్డు సంగతి చెప్పగానే మొహంలో కాస్త వెలుగు వచ్చింది. ఊపిరి కూడదీసుకుని నన్ను అడిగాడు.

“మా ఆమె మర్యాదగా నిలిచిపోయిందనే చెప్పినారు కదమ్మా?”

అక్క నీళ్లు తెస్తానని బిందె తీసుకుని బయటికి పోయింది.

“అవునన్నా,” అన్నాను.