ఎండబెట్టిన గోళీలు

కంఠేశ్వర్‌లో మా పక్కింటి అవ్వ బీడీలు చుట్టేది. ఎండకు తునికాకు పెళుసెక్కుతుందని గడప దాటేది కాదు. నడుం నొప్పి, గుండెదడ అంటే డాక్టరు చేపనూనె గోళీలిచ్చి, "ఎండల ఉన్న తాకతే వీట్ల ఉంటది" అన్నాడు.

మర్నాటి నుంచి అవ్వ గోళీలను చాటలో పోసి ఎండలో పెట్టి, కాకులెత్తుకుపోకుండా పక్కనే కూర్చునేది. ఖాళీ వేళ్లు బీడీ చుడుతున్నట్టే తిరిగేవి.

"గిదేంది అవ్వా?"

"సీసాల ఉంటే ఎండ దిగిపోదా బిడ్డా? మల్ల నింపుతున్న. నిండినంక మింగుత."

గోళీలు అంటుకుని ముద్దయినా చలికాలమంతా ఎండబెట్టింది. ఒక్కటీ మింగలేదు. నొప్పి తగ్గింది, దడ కూడా తగ్గింది. ఎండ వల్లా? చేతికి పని లేని ఆ కాసేపటి వల్లా? నాకిప్పటికీ అంతుపట్టదు. అవ్వకు మాత్రం ఏ అనుమానమూ లేదు.

"మంచి గోళీలు బిడ్డా. మింగకున్నా పనిజేసినయ్."