ముస్తకీం నక్షత్రాలు

ఏదైనా పూర్తిగా కనబడితే ముస్తకీంకు మనసొప్పదు. సగమన్నా కప్పాల్సిందే.

ఎల్లారెడ్డిలో చక్రధర్ నడిపే పరీక్షల ల్యాబులో అతనిది కంప్యూటర్ పని. నల్లటి తెర మీద సెడ్ అనే కంప్యూటర్ ఆజ్ఞతో మొదలుపెట్టి ఒక్క లైను కొడతాడు. అంతే, ఫైల్లోని ప్రతి ఫోన్ నంబరుకూ ముందరి ఆరంకెలు నక్షత్రాలైపోతాయి, చివరి నాలుగే మిగులుతాయి. పని వరకైతే ముచ్చటే గానీ, ఆ జబ్బు నోటికీ పాకింది.

"ఏం కూర తెచ్చినవ్?" అంటాడు చక్రధర్.

"చివర్ల కాయ ఉంటది అన్నా."

"ఏం కాయ?"

"గదే, కాయ."

చెల్లెలి పెళ్లి కార్డుల మీద కూడా నంబరుకు నక్షత్రాలు కొట్టించాడు. దారి అడుగుదామంటే కార్డు మీద పూర్తి నంబరు లేక, చుట్టాలు భిక్నూర్ దాబాలో రొట్టెలు తిని ఇంటిదారి పట్టారు. "మనోళ్లకు మన నంబరు తెల్వదా?" అన్నాడు నిమ్మళంగా.

ఆమధ్య లింగంపేటలో బీడీలు చుట్టే ఒక గల్లీ ఆడవాళ్లకు ల్యాబు తరఫున టీబీ పరీక్షలు చేశారు. ఫలితాలు గల్లీ వాట్సాప్ గ్రూపులో పెడతామనేసరికి వాళ్లలో ఒకామె, దేవవ్వ, ల్యాబుకు పరుగెత్తుకొచ్చింది.

"నాకు గా రోగమని తెలిస్తే ఇంటి ఓనరు లక్ష్మీనర్సమ్మ ఖాళీ చెయ్యమంటది సారూ. యాడికి పోవాలె?"

"పేరు కనబడదవ్వా. నంబరుల ఆఖరి నాలుగంకెలే ఉంటయి," అన్నాడు చక్రధర్.

"మా నంబర్లన్నీ గోడల మీద బొగ్గుతోని రాసే ఉంటయి గద. ఆఖరివి చూస్తే ఎవలదో ఎరుకైపోదా?"

ముస్తకీం తలెత్తి ఆమెను చూశాడు. సాయంత్రం గ్రూపులోకి వచ్చిన కాగితంలో పేర్లు, నంబర్లు, ఫలితాలు అన్నీ నక్షత్రాలే. చక్రధర్‌కు ఒళ్లు మండింది. మర్నాడు ముస్తకీం పనికి కూడా రాకపోయేసరికి, ఫలితాలు తనే చెబుదామని బండి తీసి లింగంపేటకే పోయాడు.

ముస్తకీం ఆ గల్లీలోనే ఉన్నాడు. ఇంటింటికీ ఒకే రకం అంటించిన కవరు ఇస్తున్నాడు. లోపల గదిలో కూర్చుని, రోగం ఉన్నా లేకున్నా మందుల ముచ్చట, తుండు అడ్డం పెట్టుకుని దగ్గే ముచ్చట అంతే ఓపికగా చెప్పి, చాయ్ తాగి లేస్తున్నాడు. ఒక అరుగు మీద దేవవ్వ, లక్ష్మీనర్సమ్మ చెరో కవరు పట్టుకుని బీడీ ఆకు ధర మీద వాదించుకుంటున్నారు.

"బాగున్నోళ్లింట్ల గింతసేపు ఏం పనిరా?" అన్నాడు చక్రధర్.

"రోగమున్నోళ్లింట్లనే ఎక్కువసేపు కూసుంటే తెలిసిపోదా అన్నా?" ముస్తకీం పొట్ట పట్టుకున్నాడు. "చాయ్‌లే తాగలేక సస్తున్న. ఇంకా సగం గల్లీ ఉన్నది."

చక్రధర్ అతన్ని చూసి నవ్వాడు, చాలా ఇష్టంగా నవ్వాడు. తర్వాతి ఇంటి ముందు తనే చెప్పులు విడిచాడు.

"ముచ్చట నువ్వు చెప్పు. చాయ్ నేను తాగుత."